నడిమిగదిలో కాశింబీ

అశ్విని కార్తె. మూత పడిన రోజు.

పొద్దున్నే పైతలుపు మూసేశారు. ఈ ఏడు ఎండ తొందరగా ముదిరింది కాబట్టి మూత కూడా తొందరగానే పడింది. చివరి లారీ దిగాక సర్పంచ్ వీరనాగమ్మ తలుపు గడపకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. గంగిరెడ్డి చక్రం తిప్పాడు. రెండు ఇనుప రెక్కలు గోడల్లోంచి జరుగుతూ వచ్చి కలుసుకున్నాయి. తర్వాత మేమంతా నడిమిగది దాటి ఇవతలికి వచ్చాం, లోతలుపు కూడా వేశారు. ఇక వాన పడేదాకా ఈ పాత ముగ్గురాయి గనే మాకు ఊరు, లోవూరు.

చిట్టా కొత్తగా మొదలుపెడుతున్నాను కనుక నా సంగతి రాయాలి. పేరు దేవదానం. లోవూరిలో పిల్లల మానసిక వైద్యం నాది. మాటలు రాని పిల్లలు, కుదురుగా ఉండలేని పిల్లలు, పదిమందిలో ఉండటం కష్టమయ్యే పిల్లలు నా దగ్గరికి వస్తారు. వస్తారని రాశాను కానీ, చాలా ఏళ్ళుగా నా పనిని తోడే చేస్తోంది. తోడు అంటే మెడ వెనక అంటించే చిన్న బిళ్ళ. పిల్లకు లోపల అలజడి లేవబోతుంటే దానికి ముందే తెలుస్తుంది. నరాల్లోకి ఏదో సన్నగా పంపుతుంది, అలజడి అక్కడికక్కడే అణగిపోతుంది. నేను మోతాదు చూసుకుంటాను.

లోవూరిలో నలుగురు పిల్లలకు తోడు ఉండేది. నిన్న కాశింబీకి తీసేశాను. బిళ్ళ కింద చర్మం పుండు పడి, మందు రాసినా మానలేదు. కాశింబీకి తొమ్మిదేళ్ళు. మాటలు లేవు. తండ్రి లేడు. తల్లి మాబున్ని మూతకాలంలో పుట్టగొడుగుల సాళ్ళలో పనిచేస్తుంది. పుండు మానగానే మళ్ళీ పెడదామని మాబున్నితో చెప్పాను. ఆమె తల ఊపింది.

భరణి కార్తె.

మాబున్ని పని మధ్యలో లేచి నా గదికి పరిగెత్తుకొచ్చింది. ఏదో జరిగిందనుకున్నాను. వాళ్ళింటికి తీసుకెళ్ళి, మాట్లాడకుండా నిలబడమని సైగ చేసింది. కాశింబీ నీళ్ళగొట్టం దగ్గర కూర్చుని ఉంది. గొట్టం సందులోంచి చుక్క జారి పళ్ళెం మీద పడ్డప్పుడల్లా నవ్వుతోంది. కడుపులోంచి వచ్చే నవ్వు, భుజాలు కూడా కదులుతున్నాయి.

నాకు ఆ పిల్ల ఆరేళ్ళుగా తెలుసు. నవ్వగా ఎప్పుడూ వినలేదు.

"బిళ్ళ పెట్టకముందు ఇట్లనే నవ్వేది సార్," అంది మాబున్ని. "మళ్ళీ పెట్టొద్దు."

పుండు ఇంకా మానలేదు కదా, చూద్దాంలే అన్నాను.

భరణి కార్తె, చివర.

నవ్వుతో పాటు మిగతావీ వచ్చాయి. మధ్యాహ్నం దాటాక దీపాలు పసుపు నుంచి ఎరుపుకు మారే వేళకు కాశింబీ లేచి పైవీధి ఎక్కుతుంది. లోతలుపు దగ్గరికి పోయి రెండు చేతులతో నెడుతుంది. తలుపు కదలకపోతే భుజంతో నెడుతుంది, తర్వాత నుదుటితో. అక్కడి నుంచి అరుపు. గనిలో అరుపు బయటికి పోయే దారి లేదు. రాతి గోడలకు కొట్టుకుంటూ మూడు వీధులూ తిరిగి మళ్ళీ మన చెవుల్లోకే వస్తుంది.

మూతకు ముందు రోజూ తల్లితో పైకి వెళ్ళేది. మాబున్ని మడిలో పని చేస్తుంటే గట్టు మీద కూర్చునేది. ఇంతకుముందు కూడా మూతలు చూసింది కదా, అప్పుడేం కాలేదే అని అందరూ అడుగుతున్నారు. అప్పుడు తోడు ఉంది. తలుపు మూసిన సంగతి ఆ పిల్ల దాకా చేరనే లేదు. ఇది కాశింబీకి మొదటి మూత అనుకోవాలి.

గంగిరెడ్డి వాళ్ళ గోడా మాబున్ని గోడా ఒకటే. అతను రాత్రంతా పెద్ద ఫ్యాన్ల దగ్గర ఉండి పగలు పడుకుంటాడు. నీళ్ళ వరసలో నా వెనకే నిలబడి, "పాపకు ఏమన్నా చెయ్యి సార్, నాకు నిద్రల్లేవు," అన్నాడు. కోపంగా అనలేదు.

కృత్తిక కార్తె.

ఏం చేశానో రాసిపెడుతున్నాను. ముందు ఫ్యాన్ల మోత భరించలేకపోతోందనుకున్నాను. దూది, మెత్తటి గుడ్డ కలిపి చెవులకు తొడుగు కుట్టించాను. పెట్టనిచ్చింది, కానీ పైవీధి ఎక్కడం మానలేదు. తర్వాత ఒంటికి గట్టి ఒత్తిడి కావాలేమోనని బరువైన బొంత తెచ్చాను. బొంతలో చుడితే కాసేపు ఊరుకుంటుంది, దీపం రంగు మారగానే బొంత తోసేసి లేస్తుంది. బొమ్మల పలకలు చేశాను: అన్నం, నీళ్ళు, అమ్మ, పడక. ఏది కావాలో వేలు పెట్టి చూపించమని నేర్పాను. రెండు రోజుల్లో నేర్చుకుంది. నీళ్ళు కావాలంటే నీళ్ళు చూపిస్తుంది. చాలా తెలివైన పిల్ల, ఇంతకాలం ఆ తెలివిని నేను చూడనే లేదు.

ఇవాళ ఆమెకు తలుపు బొమ్మ కూడా గీసి ఇచ్చాను. కాశింబీ పలకల్లోంచి దాన్ని తీసి నా ఒడిలో పెట్టింది. మూసి ఉంది అన్నట్టు అడ్డంగా తల ఊపాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తల ఊపాను. ఆమె నా మొహం చూడదు, నా మోకాలి వైపు చూస్తూ మళ్ళీ మళ్ళీ పెడుతూనే ఉంది. చాలాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆమె తలుపు తెరవమనడం లేదు. ఎప్పుడు అని అడుగుతోంది.

మేమంతా రోజుకు పదిసార్లు ఒకరినొకరు అదే అడుగుతుంటాం. నీళ్ళ వరసలో, వంటగదిలో, పడుకోబోయే ముందు. ఈసారి మృగశిరలోనే వానంట, కాదు ఆరుద్రంట అని చెప్పుకుంటాం. ఎవరికీ తెలియదని అందరికీ తెలుసు, అయినా ఆ మాటలతోనే పొద్దు గడుస్తుంది. ఆ పిల్లకు ఆ మాటలు లేవు. ఒక పొద్దున తలుపు మూసుకుంది. అంతే తెలుసు ఆమెకు.

కృత్తిక కార్తె, మరో రోజు.

పూసల దండ చేశాను. వాతావరణం వాళ్ళ కబురులో ఈసారి మృగశిర మొదట్లోనే వాన అని గట్టిగా చెప్పారు. ఆ రోజుకు ఎన్ని పొద్దులో అన్ని పూసలు. రోజూ దీపం మారే వేళకు ఒక పూస తీసి డబ్బాలో వేయాలి. దండ ఖాళీ అయితే తలుపు తెరుచుకుంటుంది. బొమ్మలతో, చేతులతో, లోతలుపు ముందే కూర్చుని నేర్పాను.

మాబున్ని చూస్తూ నిలబడింది. "వాన రాకపోతే ఏం చేస్తారు సార్?"

వస్తుందన్నారు కదా అన్నాను.

"అన్నారు. వాళ్ళు అన్నారు. మీరు ఇప్పుడు నా బిడ్డకు మాట ఇస్తాండారు."

ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే సర్దుకుంటుందని చెప్పాను. నాకు ఆ సాయంత్రం ఎలాగైనా ఆ అరుపు ఆగాలి. లోవూరంతా నన్నే చూస్తోంది.

రోహిణి కార్తె.

దండ పనిచేసింది. కాశింబీ పైవీధి ఎక్కుతుంది, పూస తీస్తుంది, డబ్బాలో వేసి అది చేసే చప్పుడు వింటుంది, దిగి వచ్చేస్తుంది. అరుపు లేదు. గంగిరెడ్డి నన్ను పిలిచి టీ పోశాడు. పుండు పూర్తిగా మానింది. మళ్ళీ తోడు పెట్టే మాట నేను ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు.

పైన ఎండ ఎంత ఉందో లోపల మాకు తెలిసేది నీళ్ళ వల్లే. గొట్టంలో నీళ్ళు గోరువెచ్చగా వస్తున్నాయి. గోడలు చెమరుస్తున్నాయి. ఆరేసిన బట్టలు ఆరడం లేదు, అందరి ఒంటి మీదా పుట్టగొడుగుల వాసన. పడుకుని కళ్ళు తెరిస్తే పైకప్పు రాయి నిన్నటి కంటే కిందికి దిగినట్టు అనిపిస్తుంది. నేను లేచి కొలిచి చూసుకోను, ఎందుకంటే కొలవడం మొదలుపెట్టినవాళ్ళకు మతి చెదరడం ఇదివరకు చూశాను.

వాతావరణం కబురు రెండు రోజులుగా రాలేదు. ఇవాళ వచ్చింది. మబ్బు సముద్రం మీదే ఆగిపోయిందట. దండలో పూసలు కొన్నే మిగిలాయి.

ఇంకొన్ని పూసలు ఎక్కించాలా అని ఆలోచించాను. ఒకసారి ఎక్కిస్తే ఆ దండ మీద ఆమెకు ఇక నమ్మకం ఉండదు. ఎక్కించకపోతే ఏమవుతుందో ఆ రోజు చూడాలి. రెండూ నా చేతులారా చేసుకున్నవే.

మృగశిర కార్తె.

చివరి పూస నిన్న తీసింది. ఇవాళ తెల్లవారి దీపాలు వెలిగేసరికే కాశింబీ తలుపు దగ్గర ఉంది. కాళ్ళకు బయటికి వెళ్ళే చెప్పులు వేసుకుంది. మూతకాలంలో ఎవరం చెప్పులు వేసుకోం, మంచం కింద వెతికి తీసుకుందట. తలకు పైన ఎండకు కట్టుకునే గుడ్డ తనే చుట్టుకుంది. వంకరగా ఉంది. చేతిలో ఖాళీ దారం.

ఆమె అల్లరి చేయలేదు. తలుపుకు జానెడు దూరంలో నిలబడి ఎదురుచూసింది. పొద్దంతా ఎదురుచూసింది. మాబున్ని అన్నం తెస్తే తినలేదు. నేను తలుపు బొమ్మ పెట్టి అడ్డంగా గీత గీసి చూపించాను. దాన్ని పక్కకు తోసి దారం నా మొహం ముందుకు పట్టుకుంది. ఇదిగో, ఖాళీ అయింది, నువ్వే చెప్పావు.

దీపాలు ఎర్రబడ్డాయి. అప్పుడు మొదలైంది. ముందు అరిచినట్టు కాదు ఇది. ఇనుముకేసి తల కొట్టుకుంది, రెండోసారి కొట్టుకునేలోపు నేను బొంత మడత అడ్డం పెట్టాను. నుదురు చిట్లి రక్తం కారుతోంది. నా ముంజేతిని కొరికింది, వదల్లేదు. నేను చెయ్యి లాక్కోలేదు. మాబున్ని వెనక నుంచి ఆమెను పట్టుకుని, చెవిలో పాటలాంటి ఒకే రాగాన్ని చాలాసేపు సాగదీసింది. ముగ్గురం అలా తలుపును ఆనుకుని నేల మీద పడి ఉన్నాం. పైవీధి వాళ్ళు తలుపుల్లో నిలబడి చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ లోపలికీ పోలేదు.

మాబున్ని కొంగుతో కూతురి నుదుటి రక్తాన్ని ఒత్తిపట్టింది.

మృగశిర కార్తె, ఆ వారంలోనే.

అరుపు ఆగడం లేదు. పగలూ ఉంది, దీపాలార్పాకా ఉంది. గంగిరెడ్డి నిద్ర లేకుండానే ఫ్యాన్ల దగ్గరికి పోయాడు. ఈ పొద్దున కునుకు పట్టి చెయ్యి బెల్టులో పడింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి. ఆ ఫ్యాన్ ఆగి దిగువీధిలో గాలి ఆడక ముసలివాళ్ళను పైకి మోసుకు రావాల్సి వచ్చింది.

వీరనాగమ్మ నా గదికి వచ్చింది. బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. లోపల కొత్త తోడు. పెద్ద మోతాదులో పెట్టి వాన దాకా ఉంచమని అడిగింది. అలా పెడితే ఆ పిల్ల లేచి తింటుంది, పడుకుంటుంది, అంతకు మించి ఏమీ ఉండదని చెప్పాను. ఆమెకు తెలుసు. పెట్టాలంటే నా వేలిముద్ర పడాలి. నేను తప్ప ఇంకెవరూ పెట్టలేరు.

"ఊపిరాడక ఎవరన్నా పోతే నేను జవాబు చెప్పాల సార్. ఒక్క బిడ్డ కోసరం ఊరినంతా పణం పెట్టలేను."

ఆమె చెప్పింది తప్పు కాదు. వెళ్ళబోతూ ఆగి, తోడు ఉన్న తన మనవడి గురించి మాట్లాడింది. "నా మనవడు రెండేండ్లుగా ఏడవలేదు. దానికి నేను సంతోషపడాల్నా లేదా, నువ్వు చదువుకున్నోనివి, చెప్పు."

ఆమె వెళ్ళిపోయింది. డబ్బా బల్ల మీదే ఉంది. ఈ గదికి ఒకటే తలుపు. దాని బయట వీధి, వీధి చివర ఇంకో తలుపు. ఆ డబ్బా ఎక్కడ పెట్టుకున్నా నాకు కనబడుతూనే ఉంటుంది.

మృగశిర కార్తె, చివర.

మాబున్నికి డబ్బా సంగతి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న బుట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "మమ్మల్ని నడిమిగదిలో పెట్టండి," అంది.

నడిమిగది రెండు తలుపుల మధ్య ఉంటుంది. లారీలు ఆగేంత చోటు. చల్లగాలి అక్కడికి రాదు. తెల్లవారుజామున అయితే ఉండొచ్చు, పొద్దెక్కితే ఒళ్ళు ఉడికిపోతుంది. అక్కడ ఉండి బతకలేరని చెప్పాను. లోపలుండి నా బిడ్డను చంపుకోమంటారా అని అడిగింది. ఆమె గొంతు పెంచలేదు.

వీరనాగమ్మను అడిగాను. పొద్దున కాసేపు మాత్రం ఒప్పుకుంది, అదీ నేను కూడా వాళ్ళతో ఉంటేనే. వైద్యుడు కూడా ఉడికితే త్వరగా తలుపు కొడతాడని అనుకుంది కాబోలు.

లోతలుపు కొంచెం తెరిచి మమ్మల్ని పంపి మళ్ళీ వేసేశారు. వెనక గడియ పడిన చప్పుడు విన్నాను. ఇంతకాలం ఊళ్ళో ఉండి బయటికి పోలేకపోయాను. ఇప్పుడు ఊళ్ళోకీ పోలేను. ఒక్కటే దీపం. గాలి వేడిగా, ఇనుము వాసనతో ఉంది. గోడను ఆనుకుని కూర్చుని ఊపిరిని లెక్కపెట్టుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను.

కాశింబీ అరవలేదు. నేరుగా పైతలుపు దగ్గరికి నడిచింది. అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. అరచేతిని చూసుకుంది. నోటితో ఊదుకుంది. మళ్ళీ ఆనించింది, మళ్ళీ తీసింది. వారించబోయాను. మాబున్ని నా చొక్కా పట్టుకుని ఆపింది. ఆ ఇనుము ముట్టుకోలేనంత వేడి, కాలి బొబ్బలెక్కేంత కాదు. అవతల ఎండ అలా ఉంది.

కాశింబీ మరో చేత్తో ఇంకోచోట ముట్టుకుంది. తర్వాత వెనక్కి తిరిగి మా పక్కకు వచ్చి కూర్చుని, చెప్పులు విప్పేసింది.

పూసలు అయిపోయిన దగ్గర్నుంచి ఆ చెప్పులు ఆమె విప్పలేదు. పడుకున్నప్పుడు కూడా. మాబున్ని ఆ చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎప్పుడో నాకు తెలియదు. తెలియదన్న సంగతిని ఆ పిల్లకు చెప్పే దారి నాకు దొరకలేదు, అందుకే అబద్ధం కట్టి దండ గుచ్చి ఇచ్చాను. తలుపు మాత్రం తనకు తెలిసినంతవరకే చెప్పింది. ఇవాళ కాదు. అది ఎవరి మాటా కాదు, తన చేత్తో తనే తెలుసుకుంది.

ఆరుద్ర కార్తె.

ఊరి కూటం పెట్టారు. రోజూ పొద్దున లోతలుపు తీసి కాశింబీని నడిమిగదిలోకి పంపాలి, పైతలుపు ముట్టుకున్నాక వెనక్కి రానివ్వాలి. నేను అడిగింది అంతే. తలుపు తీసినప్పుడల్లా పైవీధిలోకి వేడి వస్తుంది. ఆ వేడి చల్లార్చడానికి ఫ్యాన్లు ఎక్కువసేపు తిరగాలి. పైవీధి వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళకూ పసిపిల్లలున్నారు, వాళ్ళకూ చెమటకాయలున్నాయి. ఒకాయన నావైపు తిరిగి, మీరు ఇంతకుముందు పూసలని చెప్పారు కదా అన్నాడు. చెప్పాను, తప్పు చేశాను, ఇదీ పనిచేస్తుందని మాట ఇవ్వలేను అన్నాను. ఆ మాట విన్నాక కూటానికి నా మీద నమ్మకం ఇంకా సడలింది. తోడు డబ్బా సంగతి మళ్ళీ వచ్చింది. నేను వేలిముద్ర వేయనని చెప్పాను. అయితే నిన్ను ఎందుకు పెట్టుకున్నాం అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు గంగిరెడ్డి లేచాడు. చేతికి కట్టు ఉంది. అతను కాశింబీ మీద జాలిపడి లేచాడనుకోను. మొహం అంత అలిసిపోయి ఉంది.

"ఆ పాప పండుకుంటే నేను పండుకుంటా. నేను పండుకుంటే మీకు గాలి ఆడతాది. తలుపు తియ్యండి. పైవీధికి కావాల్సిన గాలి నేను తోలతా."

మాబున్ని పైవీధి ఆడవాళ్ళ పక్కన నేల మీద కూర్చుని, కూటం అయ్యేదాకా కూతురి నుదుటి కట్టును సర్దుతూనే ఉంది. వీరనాగమ్మ పది రోజులు చూద్దామంది. చేతులెత్తమంటే పైవీధిలో కొందరు ఎత్తారు, చాలామంది ఎత్తలేదు. దిగువీధి వాళ్ళ చేతులతో గట్టెక్కాం.

ఆరుద్ర కార్తె, తర్వాత.

పొద్దున దీపాలు వెలగగానే ముగ్గురం పైవీధి ఎక్కుతాం. లోతలుపు తెరుస్తారు. ఆమె పోయి ముట్టుకుంటుంది, చెయ్యి తీస్తుంది, తిరిగి వచ్చేస్తుంది. వచ్చాక పలకల్లోంచి అన్నం తీసి తల్లి చేతిలో పెడుతుంది. అరుపు పూర్తిగా పోలేదు. నిన్న ఫ్యాన్ బాగుచేస్తూ తలుపు తీయడం ఆలస్యం చేస్తే మళ్ళీ తల కొట్టుకుంది. మొన్న ఏ కారణమూ కనబడకుండానే పొద్దంతా ఏడ్చింది. అది మామూలు ఏడుపు. మేమూ ఏడవాలనిపించే రోజులే ఇవి.

గంగిరెడ్డి నిద్రపోతున్నాడు. గోడ అవతల నుంచి గురక వినిపిస్తుందని మాబున్ని చెప్పింది.

వీరనాగమ్మ మనవణ్ణి తీసుకొచ్చింది. వాడి తోడు మోతాదు కొంచెం తగ్గించమంది. ఎంత తగ్గించాలని అడిగాను. "కొంచెం," అంది. తగ్గించాను. మర్నాడు వంటగదిలో పుట్టగొడుగుల చారు చల్లారిపోయిందని వాడు గిన్నె విసిరేశాడు. సర్పంచ్ వంగి నేల తుడుస్తూ ఏడుస్తున్న మనవణ్ణి అలాగే ఏడవనిచ్చింది. తర్వాత నా వైపు చూసి, ఇట్లనే ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను.

పది రోజుల గడువు దాటింది. ఎవరూ గుర్తు చేయలేదు.

నేను మాత్రం పొద్దున నడిమిగదిలోకి పోవడం ఇంకా ఒంటికి పడటం లేదు. లోతలుపు మూసుకోగానే వెనక్కి తిరిగి దాని వైపే చూస్తుంటాను. మాబున్ని అది కనిపెట్టింది. నాకు ముందు నిలబడుతుంది, వేడి గాలి ముందుగా ఆమెకు తగిలేట్టు.

పునర్వసు కార్తె.

వాన.

ముందు నీళ్ళగొట్టం చల్లబడింది. తర్వాత కబురు వచ్చింది. గంగిరెడ్డి బాగున్న చేత్తో చక్రం తిప్పాడు. పైతలుపు రెక్కలు గోడల్లోకి జరిగిపోయాయి. వెలుతురు ఒక్కసారి మీద పడి అందరం కళ్ళు మూసుకున్నాం. తర్వాత జనం పరిగెత్తారు. నడిమిగదిలోంచి నన్ను రాసుకుంటూ, తోసుకుంటూ, పసిపిల్లల్ని ఎత్తుకుని అందరూ వానలోకి పోయారు.

కాశింబీ పోలేదు. రోజూ నడిచినట్టే నడిచి, రోజూ చెయ్యి పెట్టే చోట చెయ్యి పెట్టింది. అక్కడ తలుపు లేదు. చెయ్యి గాలిలోకి పోయింది. కాలినట్టే వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. ఏమీ తగల్లేదు. మూలగడం మొదలుపెట్టి లోతలుపు వైపు వెనక్కి నడిచింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కి నడిచింది. బయట నుంచి ఎవరో పాపను లాగండి, వానలో తడిస్తే సంతోషపడుతుంది అని కేక వేశారు. లాగొద్దన్నాను. గోడ దగ్గర చతికిలబడి కూర్చున్నాను. కాసేపటికి ఆమె కూడా నాకు కొంచెం ఎడంగా కూర్చుంది, వెలుతురుకు వీపు పెట్టి.

మాబున్ని మధ్యలో నిలబడి ఉంది. వాన వాసన ఆమె దాకా వస్తోంది. ఆమె కూతురిని చూస్తోంది, వాననూ చూస్తోంది.

"నువ్వు పోయి రామ్మా," అన్నాను. "నేనుంటా."

ఆమె చాలాసేపు కదల్లేదు. కూతురిని వదిలి ఎక్కడికైనా పోయిన జ్ఞాపకం ఆమెకు లేదేమో. తర్వాత కొంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది. నాకు ఆమె వీపు కనబడింది. పరిగెత్తలేదు. మడి దాకా పోయి, గట్టు మీద నిలబడి, మొహం పైకెత్తింది. అలా ఎంతసేపుందో నేను చూడలేదు. నా కళ్ళు కాశింబీ మీద ఉండాలి కదా.

తిరిగి వచ్చేసరికి ఒళ్ళంతా తడిసి ముద్దయింది. వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు, పిలవలేదు. చెయ్యి చాపి ఒళ్ళో పెట్టుకుంది, అంతే.

కాశింబీ ఆ చెయ్యి వైపు చూసింది. తన అరచెయ్యి తెరిచి తల్లి ముంజేతి మీద ఆనించింది. నేను ఆ అరచేతినే చూస్తున్నాను, తీసేస్తుందని. తీయలేదు. తల్లి చెయ్యి చల్లగా ఉంది. ఇంకోచోట పెట్టి చూసింది. తడి రవిక మీద, మెడ మీద, చెంప మీద. ఎక్కడ పెట్టినా చల్లగానే ఉండి ఉంటుంది. మాబున్ని ఊపిరి బిగబట్టి, కదలకుండా, తన మొహాన్ని కూతురి చేతికి అప్పగించి కూర్చుంది.

తర్వాత కాశింబీ లేచింది. తల్లి మణికట్టు పట్టుకుంది. తలుపు ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, దాటింది. చెప్పులు లేవు. మొదటి చినుకు మీద పడ్డప్పుడు భుజాలు ముడుచుకుంది. తర్వాత నాకు వినబడింది, నీళ్ళగొట్టం దగ్గర విన్న నవ్వు. వానలో చినుకులకు లెక్కలేదు కనుక ఆ నవ్వుకూ ఎడం లేదు.

ఇది నడిమిగదిలోనే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ నేనొక్కణ్ణే మిగిలాను. వాన జల్లు నా కాళ్ళ దాకా వచ్చి ఆగుతోంది. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. నన్ను ఇక్కడ ఉంచే పని ఏదీ లేదు, అయినా ఇంకా లేవలేదు. బయట నుంచి మాబున్ని నన్ను పిలుస్తోంది. వస్తున్నానని అరిచాను. కాళ్ళు ఇంకా కదలడం లేదు. ఆమె మళ్ళీ పిలవలేదు. తడి చెయ్యి చాపుకుని ఇటే వస్తోంది.